పోల్‌లో గెలిచిన టాపిక్ మీదే సిరీస్ చేస్తే ఎవరూ చూడట్లేదు: ప్రోగ్రామింగ్ పాఠాల ప్లానింగ్‌కి ఫీడ్‌బ్యాక్ ఎలా వాడాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనట్టు ముందు చెప్తాను, తేడా ఉంటే సరిదిద్దండి. మీరు పైథాన్ బేసిక్స్ మీద నలభై దాకా వీడియో పాఠాలు చేశారు. తర్వాత ఏం చేయాలో తేలక నాలుగు ఆప్షన్లతో పోల్ పెట్టారు. మెషీన్ లెర్నింగ్ భారీ మెజారిటీతో గెలిచింది. సరేనని సిరీస్ మొదలుపెడితే మొదటి వీడియోకి జనం బాగానే వచ్చారు, మూడో వీడియోకల్లా దాదాపు ఖాళీ. కామెంట్లలో మాత్రం "సూపర్ అన్నా", "కంటిన్యూ చేయండి" అనేవే. ఇప్పుడు మీ సందేహం ఏమిటంటే, జనం చెప్పింది వినాలా, మనకు తోచింది చేయాలా, అసలు ఫీడ్‌బ్యాక్ ఎలా తీసుకోవాలి అని.

సూటిగా చెప్పాలంటే: "మీకు ఏం కావాలి?" అని అడగడం తగ్గించి, "ఎక్కడ ఆగిపోయారు?" అన్నది కనిపెట్టండి. పాఠాల ప్లాన్ దాని మీద వేయండి. పోల్ పూర్తిగా మానేయక్కర్లేదు. ఏ ప్రాజెక్టు ఉదాహరణగా తీసుకోవాలి, టైటిల్ ఎలా పెట్టాలి లాంటి వాటికి అది పనికొస్తుంది. ఏ పాఠం తర్వాత ఏది రావాలి, ఏది రెండుగా విడగొట్టాలి, ఏది మళ్లీ చేయాలి అనేవి మాత్రం ఓట్లతో తేలవు.

నేను చాలా ఏళ్లుగా ప్రోగ్రామింగ్ పాఠాలు తయారుచేస్తున్నాను, వీడియోలూ రాతపాఠాలూ రెండూ. కింద రాసేది ఎక్కువగా ఆ పనిలో తేలింది. పరిశోధనల్లో వచ్చిన విషయాలు కొన్ని ఉన్నాయి, అవి వచ్చినచోట చెప్తాను.

ముందు పోల్ సంగతి

పోల్‌లో ఆప్షన్లు రాసింది మీరు. అంటే జనం మీ ఊహల్లోంచి ఒకదాన్ని ఎంచుకున్నారు, అంతే. పైగా ఫంక్షన్లు సరిగా రాని మనిషి "నాకు ఫంక్షన్లు సరిగా రాలేదు" అని ఓటు వేయడు. తనకు ఏది రాలేదో తెలియడానికి కూడా కొంత రావాలి. "మెషీన్ లెర్నింగ్ కావాలి" అని వేస్తాడు, ఎందుకంటే ఆ పేరు రోజూ వింటున్నాడు. ఆ ఓటు అబద్ధం కాదు, అది అతని ఆశ. వారం రోజుల్లో కూర్చుని పూర్తిచేయగల పాఠం ఏదో దాన్నిబట్టి తెలియదు.

ఓటు వేసేది ఎవరన్నది ఇంకో చిక్కు. ఆన్‌లైన్ గుంపుల గురించి, వెబ్‌సైట్లను జనం ఎలా వాడతారో పరిశోధించే జేకబ్ నీల్సన్ 2006లో ఒక ఉజ్జాయింపు లెక్క చెప్పాడు: 90 శాతం మంది చూసి వెళ్లిపోతారు, 9 శాతం అప్పుడప్పుడు మాట్లాడతారు, ఎక్కువ మాటలన్నీ మిగిలిన ఆ ఒక్క శాతానివే. ఇది కచ్చితమైన సూత్రం కాదు, ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. కానీ పాఠాల విషయంలో దీని అర్థం కొంచెం ఇబ్బందికరమైనదే. మీ పాఠంలో ఇరుక్కుపోయి ట్యాబ్ మూసేసిన మనిషి కామెంట్ పెట్టడు, పోల్‌కి రాడు. పోల్‌లో కనిపించేవాళ్లు చాలావరకు ఇరుక్కోనివాళ్లు, లేదా ఇంకా మొదలుపెట్టనివాళ్లు.

"బాగుంది" అన్న మాటతో ప్లాన్ చేయకండి

మెచ్చుకోలు మనకు ఉత్సాహం ఇస్తుంది, దాన్ని తీసిపారేయను. అయితే నచ్చడానికీ నేర్చుకోవడానికీ మధ్య దూరం మనం అనుకునే దానికన్నా ఎక్కువ. హార్వర్డ్‌లో ఫిజిక్స్ విద్యార్థుల మీద చేసిన ఒక పరిశోధన 2019లో వచ్చింది. ఒక గుంపుకి చక్కగా సాగిపోయే లెక్చర్, ఇంకో గుంపుకి అదే విషయం తామే లెక్కలు చేస్తూ, తడబడుతూ నేర్చుకునే క్లాసు. పరీక్ష పెడితే రెండో గుంపుకే మార్కులు ఎక్కువ వచ్చాయి. ఎంత నేర్చుకున్నట్టు అనిపించిందని అడిగితే, ఎక్కువ నేర్చుకున్నామన్నది లెక్చర్ విన్నవాళ్లు.

మన పనిలో ఇది రోజూ కనిపిస్తుంది. తడబాటు లేకుండా గడగడా కోడ్ టైప్ చేస్తూ పోయే వీడియోకి లైకులు ఎక్కువ. మధ్యలో ఆపి "ఇప్పుడు మీరు రాయండి, నేను ఆగుతాను" అనే వీడియోకి తక్కువ. లైకులు చూసి ప్లాన్ చేస్తే కొన్నాళ్లకి మీ చానెల్ నిండా చూడ్డానికి హాయిగా ఉండి ఎవరికీ ఏదీ రాని పాఠాలే ఉంటాయి.

మరి మన అనుభవాన్ని నమ్ముకోవచ్చా?

దాన్ని కూడా పూర్తిగా నమ్మలేం. జావా నేర్పడానికి వాడే బ్లూజే అనే టూల్ ఉంది. దాన్ని వాడే విద్యార్థులు ఒప్పుకుంటే వాళ్ల కోడింగ్ వివరాలు పేర్లు లేకుండా బ్లాక్‌బాక్స్ అనే ప్రాజెక్టుకి చేరతాయి. విద్యార్థులు ఎక్కువగా చేసే తప్పులేవని అధ్యాపకుల్ని అడిగి, వాళ్ల జవాబుల్ని ఆ అసలు డేటాతో 2014లో పోల్చి చూశారు. అధ్యాపకులకి తమలో తమకే పెద్దగా ఏకాభిప్రాయం లేదు. డేటాతో కూడా అంతంతమాత్రమే కలిసింది. ఎక్కువ ఏళ్లు పాఠాలు చెప్పినవాళ్ల అంచనాలు కూడా కొత్తవాళ్లకన్నా డేటాకి దగ్గరగా ఏమీ లేవు. అందుకే మీరు అడిగిన "వాళ్ల మాటా, నా మాటా" అన్న ప్రశ్నకి నేను రెండూ కాదంటాను. వాళ్ల చేతులు ఏం చేశాయో చూడాలి.

డౌట్లు ఎలా రాసుకోవాలి

ఇక్కడ కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే నా ప్లానింగ్‌లో సగానికి పైగా ఇదే.

ఒక స్ప్రెడ్‌షీట్ తెరవండి. కామెంట్లు, మెయిళ్లు, గ్రూపు మెసేజ్‌లు ఎక్కడ డౌట్ కనిపించినా ఒక వరుస రాయండి. కాలమ్స్ ఇవి చాలు: వాళ్లు రాసిన మాట ఉన్నదున్నట్టు, ఏ పాఠం, తెలిస్తే ఏ నిమిషం, వచ్చిన ఎర్రర్ మెసేజ్, వాళ్లు ఏం చేయబోయారు. చివర "అసలు కారణం" అని ఒక కాలమ్ పెట్టి, దాన్ని మాత్రం వెంటనే నింపకండి.

వాళ్ల మాటను మీ భాషలోకి మార్చి రాయొద్దు. "లూప్ అర్థం కాలేదు" అని మీరు క్లుప్తంగా రాసేస్తే అసలు సమాచారం పోతుంది. "మొదటిసారి వచ్చింది, రెండోసారి పాతదే వస్తోంది" అని ఆ మనిషి రాసిన మాటలో జబ్బు ఆనవాలు ఉంది. రోగి కడుపునొప్పి అని చెప్తాడు గానీ జబ్బు పేరు చెప్పడు కదా, ఇదీ అంతే.

ఒక ఉదాహరణ చెప్తాను. ఫంక్షన్ల పాఠం కింద నాకు తరచూ మూడు రకాల డౌట్లు వచ్చేవి. ఒకరు "నా ప్రోగ్రాం ఏమీ చూపించట్లేదు" అంటారు. ఇంకొకరు "జవాబు వచ్చింది గానీ దాని కింద నన్ (None, అంటే విలువ ఏదీ లేదని) అని కూడా వస్తోంది" అంటారు. మరొకరు "ఒక ఫంక్షన్ జవాబుని ఇంకో ఫంక్షన్‌లో వాడితే టైప్ ఎర్రర్ వస్తోంది" అంటారు. చూడ్డానికి మూడూ వేరు. షీట్‌లో పక్కపక్కన పెట్టి చూస్తే కారణం ఒక్కటే: ప్రింట్ చేయడానికీ (తెర మీద చూపడం) రిటర్న్ చేయడానికీ (జవాబుని ఫంక్షన్ బయటికి ఇవ్వడం) తేడా తెలియలేదు. మొదటి మనిషి రిటర్న్ రాశాడు, ప్రింట్ చేయలేదు. రెండో మనిషి ఫంక్షన్ లోపల ప్రింట్ చేసి, బయట ఆ ఫంక్షన్‌నే మళ్లీ ప్రింట్ చేశాడు. మూడో మనిషి ఫంక్షన్ ఏదీ రిటర్న్ చేయట్లేదు, దానితో కూడిక చేయబోయాడు. ఒక్కో కామెంట్‌కి విడిగా జవాబు ఇస్తూపోతే ఏడాదంతా ఇస్తూనే ఉండొచ్చు. కారణం దొరికాక దాని మీదే ఒక చిన్న పాఠం చేసి ఫంక్షన్ల పాఠానికి వెంటనే తర్వాత పెట్టాను. ఆ మూడు రకాల డౌట్లూ బాగా తగ్గాయి.

ఇలాంటిదే ఇంకోటి. "5, 5 ఇస్తే 10 రావాలి కదా, 55 వస్తోంది" అనే కామెంట్ మీకూ వచ్చే ఉంటుంది. ఇన్‌పుట్ ఫంక్షన్ ఎప్పుడూ టెక్స్ట్‌నే ఇస్తుందని, అంకెగా మార్చుకోవడం మన పనేనని మీ పాఠంలో ఒక వాక్యంలో చెప్పేసి ముందుకు వెళ్లి ఉంటారు. ఆ వాక్యం తప్పేమీ కాదు. ఆ క్షణంలో వినేవాడికి అది అవసరం లేదు కాబట్టి చెవికెక్కదు. 55 వచ్చాక అవసరమవుతుంది. అందుకని ముందు 55 రానిచ్చి, ఆ తర్వాత కారణం చెప్పేలా పాఠాన్ని తిప్పాలి. ఏం చెప్పాలన్నదే కాక, ఎప్పుడు చెప్పాలన్నది కూడా డౌట్లు చెప్తాయి.

ఎన్నిసార్లు వస్తే పట్టించుకోవాలి? నా లెక్క ఇది: ఒకరికొకరు సంబంధం లేని ముగ్గురు ఒకేచోట తడబడితే పాఠం మార్చాలి. ఒక్కరే అయితే జవాబు ఇచ్చి షీట్‌లో రాసుకుంటే చాలు. రెండు మినహాయింపులున్నాయి. పాఠంలో తప్పు ఉందని ఎవరైనా చూపిస్తే ఒక్క కామెంట్ చాలు. "ఈ కోడ్ ఇప్పుడు పనిచేయట్లేదు" అనేదానికీ ఒక్కటి చాలు. లైబ్రరీలు మారిపోతుంటాయి. పైథాన్ 2 సపోర్టు 2020 జనవరి 1తో ఆగిపోయింది. ఆ తర్వాత కూడా బ్రాకెట్లు లేని పాత ప్రింట్‌తో మిగిలిపోయిన పాఠాల కింద కొత్తవాళ్లు సింటాక్స్ ఎర్రర్‌తో తలపట్టుకోవడం చాలా చూశాను. అలాంటి కామెంట్ వచ్చిన రోజే సరిచేయండి.

గ్రాఫులు ఏం చెప్తాయి, ఏం చెప్పవు

యూట్యూబ్ స్టూడియోలో రిటెన్షన్ గ్రాఫ్ (వీడియోలో ఏ క్షణం దగ్గర ఎంతమంది చూస్తున్నారో చూపేది) ఉంటుంది కదా, మామూలు వినోదం వీడియోల లెక్కలో దాన్ని చదవకండి. మొదటి అర నిమిషంలో గ్రాఫ్ బాగా పడిపోతే టైటిల్‌లో ఇచ్చిన మాట ఒకటి, వీడియోలో మొదలైనది ఇంకోటి అన్నమాట. మధ్యలో గ్రాఫ్ పైకి లేస్తే అక్కడ జనం వెనక్కి వెళ్లి మళ్లీ చూస్తున్నారు. కొందరు దాన్ని చూసి "ఈ భాగం బాగా నచ్చింది" అని సంబరపడతారు. కోడింగ్ వీడియోలో నా అనుభవంలో అది ఎక్కువసార్లు మూడింటిలో ఒకటి: కోడ్ మీద అక్షరాలు చిన్నవిగా ఉన్నాయి, మీరు తెరను త్వరగా జరిపేశారు, లేదా అక్కడ ఒక అడుగు మాటల్లో చెప్పకుండా చేసేశారు. ఈ మూడింటిలో ఏదో గ్రాఫ్ చెప్పదు. ఆ నిమిషం తెరిచి, కొత్తవాడి కళ్లతో చూసి, కింద కామెంట్లతో పోల్చుకోవాలి.

వీడియోల నిడివి గురించి చాలామంది చెప్పే "ఆరు నిమిషాలు" ఎక్కడినుంచి వచ్చిందంటే, ఎడెక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల సైటులో 69 లక్షల వీడియో సెషన్లను పరిశీలించి 2014లో ఒక పేపర్ వచ్చింది. మామూలుగా జనం వీడియోలో నిలబడేది ఎంత పెద్ద వీడియో అయినా మహా అయితే ఆరు నిమిషాలని అందులో తేలింది. అది ఎంతసేపు చూశారన్న కొలత. ఎంత వచ్చిందన్న కొలత కాదు. దాన్ని పట్టుకుని ప్రతి పాఠాన్నీ ఆరు నిమిషాలకు నరకక్కర్లేదు. ఒక ఆలోచన ఎక్కడ ముగుస్తుందో అక్కడ ఆపండి, చాలాసార్లు నిడివి తనంతట తనే తగ్గుతుంది.

నాకు రిటెన్షన్ గ్రాఫ్ కన్నా ఎక్కువ పనికొచ్చేది ఒక పాఠం నుంచి తర్వాతి పాఠానికి ఎంతమంది వచ్చారు అన్న లెక్క. వరుసగా అన్ని పాఠాల వ్యూస్ రాసి, ప్రతిదాన్నీ దాని ముందు పాఠంతో భాగించండి. మెల్లగా తగ్గుతూ రావడం సహజం. ఎక్కడో ఒకచోట ఒక్కసారిగా సగానికి పడుతుంది. ఆ చోటును వెతకండి. కారణం చాలాసార్లు పడిన పాఠంలో ఉండదు, దాని ముందు పాఠంలో ఉంటుంది. అక్కడ ఇరుక్కుని తర్వాతిది తెరవలేదు.

మొత్తం పూర్తిచేసినవాళ్లు తక్కువని మాత్రం కుంగిపోకండి. ఎంఐటీ, హార్వర్డ్‌లు ఎడెక్స్‌లో పెట్టిన కోర్సుల మీద 2019లో వచ్చిన విశ్లేషణ ప్రకారం 2017–18లో చేరినవాళ్లలో పూర్తిచేసింది 3.13 శాతం. ఉచితంగా దొరికే పాఠం అంటే అంతే. పైథాన్‌లో డిక్షనరీల గురించి ఒక్క ముక్క తెలుసుకుని వెళ్లిపోయినవాడు ఓడిపోయినట్టు కాదు, తనకు కావాల్సింది దొరికింది.

సెర్చ్ పదాలు కూడా చూడండి. జనం మీ దగ్గరికి ఏ మాట టైప్ చేసి వచ్చారో యూట్యూబ్ స్టూడియోలో, సైటు ఉంటే గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో కనిపిస్తుంది. ఎర్రర్ మెసేజ్ టైప్ చేసి వచ్చిన మనిషికి అరగంట వీడియో పెట్టడం హింస. అతనికి ఒక పేజీ, నాలుగు లైన్ల కోడ్ చాలు. అలాంటి పదాలు ఎక్కువ ఉంటే కొత్త వీడియో ఆలోచన మాని రాతపాఠం చేయండి.

అడిగి తీరాలంటే ఎలా అడగాలి

పది ప్రశ్నల గూగుల్ ఫామ్ పంపితే తీరికున్నవాళ్లే నింపుతారు. పాఠం చివర ఒక్క ప్రశ్న పెట్టండి. "ఈ పాఠంలో మీకు అన్నిటికన్నా మసకగా మిగిలిన విషయం ఏది?" అన్నది చాలా పాత ప్రశ్న, క్లాసుల్లో ఎప్పటినుంచో వాడుతున్నారు. "అర్థమైందా?" అంటే అవును అంటారు. మసకగా ఉన్నది ఏది అంటే, ఏదో ఒకటి ఉండే ఉంటుందని మీరే ఒప్పుకున్నట్టు కాబట్టి చెప్పడానికి మొహమాటం ఉండదు. శాస్త్రవేత్తలకు ప్రోగ్రామింగ్ నేర్పే సాఫ్ట్‌వేర్ కార్పెంట్రీ వర్క్‌షాపుల్లో ఒక పద్ధతి ఉంది: ఒకరు ఒక మంచి విషయం చెప్తే తర్వాతివారు ఒక లోపం చెప్పాలి, ఇంతకుముందు ఎవరూ చెప్పనిదై ఉండాలి. మొదటి రెండు మూడు మర్యాద మాటలు అయిపోయాక అసలు విషయం బయటికొస్తుంది. లైవ్ సెషన్ చేస్తే ప్రయత్నించండి.

ఇంకో మార్గం, నాకు బాగా ఇష్టమైనది: అభిప్రాయం అడగకుండా ప్రశ్న వేయడం. ఎక్స్‌లో 5 పెట్టాం, వై ఈక్వల్ టు ఎక్స్ అని రాశాం, తర్వాత ఎక్స్‌ను 10గా మార్చాం. ఇప్పుడు వై ప్రింట్ చేస్తే ఏం వస్తుంది? 5 అన్నవాళ్ల గురించి దిగుల్లేదు. 10 అన్నవాళ్లు ఆ లైన్‌ను లెక్కల్లో సమీకరణంలా చదువుతున్నారు, ఎక్స్ మారితే వై తనంతట తనే మారుతుందనుకుంటున్నారు. ఈ అపోహ ఉన్నంతకాలం లూపుల్లో విలువ ఎలా పెరుగుతుందో వాళ్లకు అంతుపట్టదు. తప్పు ఆప్షన్లను ఊరికే నింపకుండా ప్రతి తప్పు ఆప్షన్‌కీ ఒక అపోహ ఉండేలా రాయండి. అప్పుడు ఏ ఆప్షన్‌కి ఎంతమంది అన్నదే మీ తర్వాతి పాఠాల జాబితా అవుతుంది. యూట్యూబ్ కమ్యూనిటీ పోస్టుల్లో క్విజ్ పెట్టే సదుపాయం దీనికి సరిపోతుంది.

ఐదుగురి పక్కన కూర్చోండి

ఇది కొంచెం శ్రమ. స్క్రీన్ షేర్ చేయమని ఐదుగురు అభ్యాసకులను అడగండి. మీ పాఠం చూస్తూ, దాని కిందిచ్చిన ఎక్సర్‌సైజ్ చేయమనండి. మీరు మాట్లాడకూడదు. ఇది చాలా కష్టం, నోరు ఊరుకోదు. వాళ్లు ఇరుక్కున్నప్పుడు సాయం చేస్తే మీకు కావాల్సిన సమాచారం అక్కడితో పోతుంది. వెబ్‌సైట్లను పరీక్షించడం గురించి నీల్సన్ 2000లో రాసింది కూడా ఇదే: ఒక విడతకి ఐదుగురు చాలు, పెద్ద సమస్యలు చాలావరకు వాళ్ల దగ్గరే బయటపడతాయి, సరిచేసి మళ్లీ ఇంకో ఐదుగురితో చూడండి అని.

ఇలా కూర్చుంటే ఏ కామెంట్‌లోనూ రాని విషయాలు కనిపిస్తాయి. రాండమ్ మాడ్యూల్ (అంకెల్ని యాదృచ్ఛికంగా ఎంచే, పైథాన్‌తోనే వచ్చే కోడ్) గురించిన పాఠం చూస్తూ ఒకరు తమ ఫైలుకి రాండమ్ అనే పేరే పెట్టి సేవ్ చేశారు. పైథాన్ అసలు మాడ్యూల్‌కి బదులు ఆ ఫైలునే ఇంపోర్ట్ చేసుకుంది, ఏదో లేదని ఎర్రర్ ఇచ్చింది. కోడ్ అక్షరం పొల్లుపోకుండా సరిగ్గానే ఉంది. ఆ మనిషి కామెంట్ పెడితే "మీ కోడ్ నా దగ్గర పనిచేస్తోంది" అని నేను జవాబిచ్చి ఊరుకునేవాణ్ని. ఇది ఎంతమందికి ఎదురయ్యేదంటే, 2024 అక్టోబర్‌లో వచ్చిన పైథాన్ 3.13లో ఈ ఎర్రర్ మెసేజే మార్చారు. మీ ఫైలు పేరు స్టాండర్డ్ లైబ్రరీ మాడ్యూల్ పేరులాగే ఉంది, మార్చి చూడండి అని ఇప్పుడు అదే సూచిస్తుంది. అంతకుముందు 3.10లో, మూయని బ్రాకెట్ ఏదో వేలుపెట్టి చూపేలా చేశారు. కొత్తవాళ్లు తడబడే చోట భాషనే సవరిస్తున్నారు, మనం పాఠం సవరించడానికి బద్ధకించకూడదు.

ఇప్పుడు కొత్తగా వచ్చిన ఇబ్బంది

చాట్‌జీపీటీ లాంటివి వచ్చాక డౌట్లు కామెంట్లలోకి రావడం తగ్గింది. 2022 నవంబర్‌లో చాట్‌జీపీటీ వచ్చాక, ప్రోగ్రామర్లు డౌట్లు అడిగే స్టాక్ ఓవర్‌ఫ్లో సైటులో కొత్త ప్రశ్నలు బాగా తగ్గిపోయాయి, మన పాఠాల కింద కూడా అదే జరుగుతోంది. కామెంట్లు నిశ్శబ్దంగా ఉన్నాయంటే అందరికీ అర్థమైందని అనుకోవద్దు. అడిగే చోటు మారింది. అందుకే నేను ఈమధ్య పాఠం చివర "ఈ పాఠం చేస్తూ ఏఐని ఏం అడిగారో ఆ ప్రశ్నను ఇక్కడ పేస్ట్ చేయండి" అంటున్నాను. ఇలా అడిగితే వచ్చేవి కామెంట్లకన్నా మేలుగా ఉంటాయి. మెషీన్‌ను అడిగేటప్పుడు ఎవరూ సిగ్గుపడరు, ఎర్రర్ మొత్తం, కోడ్ మొత్తం ఇస్తారు. షీట్‌లోకి ఎక్కించే ముందు పేర్లు, మెయిల్ ఐడీలు, పాస్‌వర్డులు ఉంటే తీసేయండి. ఎవరి కోడ్‌నైనా వీడియోలో చూపాలంటే ముందు వాళ్లను అడగండి.

పట్టించుకోకూడనివి

ఒకే పాఠానికి "చాలా స్పీడ్‌గా ఉంది", "చాలా స్లోగా ఉంది" రెండూ వస్తాయి. మధ్యస్థంగా చేద్దామనుకుంటే ఇద్దరికీ చెడుతుంది. ఇది వేగం సమస్య కాదు, ఇద్దరూ వేర్వేరు చోట్ల మొదలయ్యారు. పాఠం మొదట్లో "ఇది చూడాలంటే ఈ రెండూ వచ్చి ఉండాలి" అని చెప్పి, వాటి లింకులు పెట్టండి.

అనుభవజ్ఞుల సవరణలతో కూడా జాగ్రత్త. మూడో పాఠంలో టైప్ హింట్స్ (విలువ ఏ రకమో రాసి పెట్టడం) ఎందుకు వాడలేదు, ఎక్సెప్షన్లు (నడుస్తుండగా వచ్చే ఎర్రర్లు) ఎందుకు పట్టలేదు అని రాసేవాళ్లు చెప్పేది నిజమే అయి ఉంటుంది. వాళ్లు మీ విద్యార్థులు కారు. థ్యాంక్స్ చెప్పి, డిస్క్రిప్షన్‌లో ఒక లైను రాసి వదిలేయండి. వాళ్ల భయంతో పాఠంలోకి అవన్నీ ఎక్కిస్తే కొత్తవాడు పారిపోతాడు.

"జావాలో కూడా చెప్పండి", "రియాక్ట్ ఎప్పుడు?" లాంటివాటికి షీట్‌లో వేరే ట్యాబ్ పెట్టి అందులో పడేయండి. ఆరు నెలలకోసారి చూస్తే చాలు.

మీ విషయానికి వస్తే

మెషీన్ లెర్నింగ్ సిరీస్‌ను డిలీట్ చేయకండి, కొత్త వీడియోలు మాత్రం ఆపండి. మూడో వీడియో దగ్గర ఏం మొదలైందో చూడండి. నా ఊహ, అక్కడ నంపై అర్రేలో, పాండాస్ డేటాఫ్రేమో (అంకెల్నీ పట్టికల్నీ పెట్టుకునే పైథాన్ లైబ్రరీల సంగతులు), మోడల్ ట్రైనింగో ఒక్కసారిగా వచ్చి ఉంటుంది. నిజమో కాదో మీ షీట్ చెప్పాలి.

తర్వాత మీ నలభై బేసిక్స్ పాఠాలకు పైన చెప్పిన భాగహారం చేసి, వ్యూస్ కూలిపోయిన రెండు మూడు చోట్లు పట్టుకోండి. అక్కడి డౌట్లన్నీ షీట్‌లోకి ఎక్కించండి. పాత కామెంట్లను తిరగేస్తే ఒకటి రెండు సాయంత్రాల పని. దొరికిన ప్రతి సమస్యకీ మూడు దారుల్లో ఒకటి ఎంచుకోవాలి: ఉన్నదాన్ని సరిచేయడం, మధ్యలో ఒక చిన్న పాఠం చేర్చడం, పూర్తిగా కొత్తది చేయడం. ఎక్కువ మొదటి రెండింట్లోనే తేలతాయి. కొత్తది చేయడం సరదాగా ఉంటుంది కాబట్టి మన మనసు అటే లాగుతుంది, అది గమనించుకోండి. యూట్యూబ్‌లో ఒకసారి ఎక్కించిన వీడియోని అదే లింకులో మార్చలేరు. కొంత కత్తిరించగలరు, అంతే. అందుకని ప్రతి పాఠానికీ ఒక రాత పేజీ, కోడ్ ఉండే చోటు విడిగా పెట్టుకుంటే సవరణలు అక్కడ చేసి, పిన్ చేసిన కామెంట్‌లో లింకు ఇవ్వొచ్చు.

పోల్‌లో వచ్చిన ఆ ఓట్లను కూడా వాడుకోవచ్చు. మెషీన్ లెర్నింగ్ మీద జనానికి ఆశ ఉందని తేలింది కదా. లూపులూ ఫంక్షన్లూ సరిచేసే చిన్న పాఠాలకు విద్యార్థుల మార్కుల జాబితా, షాపు బిల్లు లాంటి పాత ఉదాహరణలు తీసేసి, ఒక సీఎస్‌వీ ఫైలు (కామాలతో విడదీసిన పట్టిక) చదవడం, తప్పు విలువలు ఏరేయడం, సగటు తీయడం, గ్రాఫ్ గీయడం పెట్టండి. నేర్చుకునేది అదే రిటర్న్, అదే లూప్. వాళ్లకు మాత్రం కావాల్సిన వైపు వెళ్తున్నట్టు కనిపిస్తుంది. ఆ పాఠాలు పూర్తిచేసినవాళ్లు ఎంతమందో చూసుకుని అప్పుడు పాత సిరీస్‌ను మూడో వీడియో నుంచి మళ్లీ రాయండి.

ఆ మూడో వీడియో రిటెన్షన్ గ్రాఫ్, దాని కింద వచ్చిన కామెంట్లు పేర్లు తీసేసి ఇక్కడ పెడితే చూసి నాకు తోచింది చెప్తాను. ముందు రెండు వీడియోల వ్యూస్ కూడా రాయండి, అవి లేకుండా గ్రాఫ్ ఒక్కటీ చూసి చెప్పడం కష్టం.